నా చదువు కుక్కల పాలైంది!

‘‘సదువంత కుక్కల పాలు జేస్తివి కదరా!’’

మా నాయిన ఈ మాట తిట్టుగానే అన్నాడు. కానీ అక్షరాలా నిజమే చెప్పాడు. బీకాం కంప్యూటర్స్ చదివిన నేను హైదరాబాద్‌లో చేరింది ఏ ఆఫీసులోనో కాదు, ఓ పెట్ క్లినిక్‌లో. డాక్టర్ గారు సూది వేస్తుంటే కుక్క కదలకుండా పట్టుకోవడం, అది వెళ్లాక బల్ల తుడవడం. అదీ పని. జీతం నెలకు 9 వేలు.

మాది జనగామ దగ్గర ఓ పల్లె. ఇంట్లో రెండు బర్రెలు, ఇరవై మేకలు. వాకిట్లో ఎవరిదో తెలియని కుక్క ఒకటి. ‘‘జంతువుల పనే జెయ్యాల్నంటే గీడ్నే ఉన్నయి గదరా, పట్నం దాక ఎందుకు?’’ అన్నాడు నాయిన. నిజం చెప్పాలంటే ఆ ప్రశ్నకి అప్పుడు నా దగ్గర జవాబు లేదు. డిగ్రీ అయ్యాక ఏడాది ఖాళీగా ఉన్నా. ఒక ఫ్రెండ్ ‘మా వీధిలో క్లినిక్‌లో మనిషి కావాలంట’ అన్నాడు. వెళ్లా. అంతే.

ఇది జరిగి ఆరేళ్లు. ఇప్పుడు నాకంటూ చిన్న గ్రూమింగ్ రూమ్ ఉంది. ఇన్‌స్టాలో వారానికి ఇద్దరో ముగ్గురో మెసేజ్ పెడతారు. ‘‘అన్నా, నాకు డాగ్స్ అంటే ప్రాణం. ఈ ఫీల్డ్‌లోకి ఎలా రావాలి?’’ అని. ఒక్కొక్కరికి టైప్ చేసే ఓపిక లేక ఇక్కడ రాస్తున్నా.

ముందు ఒక చేదు మాట. కుక్కలంటే ప్రాణం ఉంటే సరిపోదు. కుక్క ఎప్పుడూ ఒంటరిగా రాదు కదా! దాని బెల్టు పట్టుకుని ఒక మనిషి వస్తాడు. భయపడుతూనో, బేరమాడుతూనో, గూగుల్‌లో చదివింది అప్పజెప్తూనో. పనిలో సగం ఆ మనిషితోనే. మనుషులతో పడలేక జంతువుల దగ్గరికి వస్తున్నాం అనుకునేవాళ్లు ఇంకోసారి ఆలోచించుకోండి.

మొదటి నెల

మొదటి రోజే 38 కిలోల లాబ్రడార్‌ని బల్ల మీదికి ఎత్తమన్నారు. నేనేమో 52 కిలోలు. ఒక చెయ్యి ఛాతీ కింద, ఇంకో చెయ్యి వెనక తొడల కింద పెట్టి, నడుం వంచకుండా మోకాళ్ల మీద లేవాలని తెలియదు. ఆ రాత్రి పక్క మీద ఇటు నుంచి అటు తిరగలేకపోయా.

తర్వాత నేర్చుకున్నవి చాలా ఉన్నాయి. తోక ఊపితే ప్రతిసారీ సంతోషం కాదు. కుక్క ఊరికే ఆవలిస్తూ, పెదవులు నాకుతూ, కళ్లలో తెల్లగుడ్డు కనిపించేలా పక్కచూపు చూస్తుంటే ‘నాకు భయంగా ఉంది, ఆగు’ అంటున్నట్టు. గుర్రుమనే కుక్క మంచిది, ముందే చెబుతోంది. గుర్రుమన్నందుకు కొట్టీ కొట్టీ ఆ అలవాటు మాన్పించిన కుక్క ఉంటుంది చూడండి, అది చెప్పకుండా కరుస్తుంది. పిల్లినైతే తువ్వాల్లో చుట్టి తల మాత్రం బయట పెట్టాలి. అయినా గీకుతుంది, అది వేరే సంగతి.

అన్నిటికంటే కష్టం పార్వో. పేరు వినే ఉంటారు. టీకా వేయని పిల్లలకి వచ్చే వైరస్ జబ్బు. వాంతులు, రక్త విరేచనాలు. ఆ వాసన ఒక్కసారి తగిలితే జీవితంలో మర్చిపోలేం, గేటు దగ్గరే గుర్తుపట్టేస్తాం. నేను చేరిన నెలలోనే రోడ్డు పక్కన కొన్న రాట్‌వైలర్ పిల్లని తీసుకొచ్చారు ఒక కాలేజీ కుర్రాడు, వాళ్ల అక్క. రెండు నెలల పిల్ల. అమ్మినవాడు ‘టీకాలన్నీ అయిపోయాయి’ అన్నాడట, కార్డు మాత్రం ఇవ్వలేదట. నాలుగు రోజులు సెలైన్ ఎక్కించాం. రోజూ బ్లీచింగ్ నీళ్లతో ఆ గూడు కడిగేది నేనే. ఎందుకంటే ఆ వైరస్ మామూలు ఫినాయిల్‌కి చావదు, నేలలో నెలల తరబడి బతికే ఉంటుంది. నాలుగో రోజు సాయంత్రం అది కాస్త తల ఎత్తి నీళ్లు తాగింది. ఆ అక్క వీడియో తీసుకుంది. పొద్దున వచ్చేసరికి చనిపోయి ఉంది.

ఆ కుర్రాడు బిల్లు కట్టి, గూట్లో మిగిలిన దుప్పటి మడిచి నా చేతికిచ్చి, ‘‘వేరే దేనికన్నా పనికొస్తది అన్నా’’ అన్నాడు. ఉడికించి ఆరేయకుండా ఆ దుప్పటి వేరే కుక్కకి వాడకూడదు. ఆ మాట అతనికి చెప్పలేకపోయా. తీసుకున్నా. తర్వాత కాల్చేశా.

‘గొంతులో ఎముక ఇరుక్కుంది’

ఇప్పుడు చెప్పేది మా ఇంట్లో చాలాకాలం చెప్పని విషయం.

చేరిన రెండో నెల. జూన్ మధ్యాహ్నం. ఒక భార్యాభర్తలు నాలుగు నెలల వీధికుక్క పిల్లని తెచ్చారు. పాప ముచ్చటపడిందని ఇంటికి తెచ్చుకున్నారట. ‘‘రెండ్రోజుల్నుంచి ఏం తినట్లేదు, నోరు మూయట్లేదు. గొంతులో ఎముక ఇరుక్కున్నట్టుంది’’ అన్నారు. కింది దవడ వేలాడుతోంది. చొంగ తీగలా కారుతోంది. అరుపు కూడా ఏదో బొంగురుగా ఉంది.

డాక్టర్ సార్ లోపల ఆపరేషన్‌లో ఉన్నారు. నేను హీరోలా టార్చ్ తీసి, నోరు తెరిచి, వేలు పెట్టి వెతికా. గ్లౌజుల ప్యాకెట్ అయిపోయింది, కొత్తది స్టోర్‌రూమ్‌లో ఉంది. అంత దూరం ఎవరు వెళ్తారులే అనుకున్నా. చూపుడు వేలికి పొద్దున బోను తీగ గీసుకున్న గాయం. రక్తం ఆగింది కానీ మానలేదు.

సార్ బయటికొచ్చి గుమ్మంలోంచే చూసి, ‘‘చెయ్యి తియ్!’’ అని అరిచారు. ఆయన అరవడం అదే మొదటిసారి, ఇప్పటికి చివరిసారి కూడా.

దవడ వేలాడటం, మింగలేకపోవడం, గొంతు మారడం... చూసినవాళ్లకి ఎముక ఇరుక్కున్నట్టే ఉంటుంది. రేబిస్ అలా కూడా వస్తుంది. రేబిస్ అంటే పిచ్చెక్కి అందరి వెంటపడి కరవడమే అనుకుంటాం కదా? మూలన కూర్చుని చొంగ కార్చే రకం కూడా ఉంది. అదే మోసం చేసేది.

పంపు కింద సబ్బుతో 15 నిమిషాలు వేలు కడగమన్నారు. ఫోన్‌లో టైమర్ పెట్టారు సార్. 15 నిమిషాలంటే ఎంత పొడుగో ఆ రోజు తెలిసింది. కడుగుతుండగానే అడిగారు: ‘‘ముందస్తు రేబిస్ టీకాలు వేయించుకున్నావా?’’

వేయించుకోలేదు. నన్ను పనిలో పెట్టుకున్న యజమాని (సార్ కాదు, క్లినిక్ ఆయన వేరు) ‘మూడు నెలలు నిలబడితే అప్పుడు వేయిద్దాంలే’ అన్నాడు. వచ్చినోళ్లు వచ్చినట్టు మానేస్తున్నారని ఆయన బాధ. నాకూ అది న్యాయంగానే అనిపించింది అప్పుడు.

నారాయణగూడ ఐపీఎంకి వెళ్లా. హైదరాబాద్‌లో కుక్క కరిచిందంటే అందరూ చెప్పే చోటు అదే. నా ముందు వరసలో చెంప మీద కట్టు కట్టుకున్న నాలుగేళ్ల బాబు, తాత భుజం మీద నిద్రపోతున్నాడు. నాది కాటు కాదు కదా, చొంగే కదా అనుకుంటూ నిలబడ్డా. కానీ తెగిన చర్మానికి ఆ చొంగ తగిలితే అది కాటుతో సమానం. వేలి గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ ఎక్కించారు. వేలి చర్మంలో చోటెక్కడ ఉంటుంది చెప్పండి! కళ్లలో నీళ్లు వాటంతటవే వచ్చాయి. తర్వాత టీకా. ఆ రోజు, మూడో రోజు, ఏడో రోజు, ఇరవై ఎనిమిదో రోజు.

ఆ పిల్ల మూడో రోజు చనిపోయింది. మెదడు శాంపిల్ ల్యాబ్‌కి పంపారు. రేబిసే.

అసలు కథ ఇక్కడ మొదలైంది. ఆ ఇంట్లో ఆరేళ్ల పాప ఉంది కదా! సార్ మూడుసార్లు ఫోన్ చేశారు. ఆ ఆయన మొదటిసారి ‘చూద్దాం డాక్టర్ గారూ’ అన్నాడు, తర్వాత ఎత్తడం మానేశాడు. రిజిస్టర్‌లో అడ్రస్ చూసుకుని నేనే బండి మీద వెళ్లా. తలుపు తీసి, ‘‘అది కరవలేదు తమ్ముడూ, ఆడుకునేటప్పుడు పళ్లు గీసుకున్నాయి, అంతే. రక్తం కూడా రాలే’’ అన్నాడు. పాప వెనకాల నిలబడి చూస్తోంది. మోచేతి కింద సన్నని ఎర్రటి గీతలు రెండు.

ఏం చెప్పాలో తెలియలేదు. పాప ముందు భయపెట్టే మాట అనలేను. నా వేలికున్న కట్టు చూపించి, ‘‘నన్ను కూడా కరవలేదన్నా. అయినా నాకు వేశారు. లక్షణాలు మొదలయ్యాక దీనికి మందు లేదు. ముందు వేసుకుంటే మాత్రం ఆగుతది’’ అన్నా. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. లోపల్నుంచి ఆమె వచ్చి చెప్పులేసుకుంది. ఆటో నేనే పిలిచా. ముగ్గురూ వేయించుకున్నారు, అన్ని డోసులూ. పాప ఇప్పుడు సిక్స్త్ క్లాస్. వాళ్లు మళ్లీ కుక్కని పెంచలేదు. ఆ పాప మాత్రం కనిపిస్తే నా వేలు చూపించమంటుంది.

అందుకే, ఈ ఫీల్డ్‌లోకి రావాలనుకునే ఎవరికైనా నేను చెప్పే మొదటి రూల్ ఇదే. ముందస్తు రేబిస్ టీకా మూడు డోసులు: మొదటి రోజు, ఏడో రోజు, మళ్లీ 21 లేదా 28వ రోజు. ధనుర్వాతం టీకా కూడా. జీతం గురించి అడగడానికి ముందు ఇది అడగండి. ‘తర్వాత చూద్దాం’ అంటే మీ డబ్బులతో మీరే వేయించుకుని అప్పుడు చేరండి. ముందు వేయించుకున్నా సరే, కరిస్తే గాయం కడిగి మళ్లీ ఆస్పత్రికి వెళ్లాల్సిందే. డోసులు తగ్గుతాయి, ఆ వేలి సూది తప్పుతుంది.

నాయిన వచ్చాడు

ఇరవై ఎనిమిదో రోజు సూది అయ్యాక అమ్మకి ఫోన్‌లో చెప్పా. తెల్లారి ఎనిమిదింటికి నాయిన క్లినిక్ ముందున్నాడు. మొదటి బస్సు పట్టుకుని వచ్చినట్టున్నాడు. ‘‘సామాన్లు సదురు. ఇంటికి పోదాం పా.’’

ఆ రోజు సోమవారం, రద్దీ. ‘‘ఒక్క గంట కూసో నాయినా’’ అన్నా. వెయిటింగ్ హాల్లో పొమేరియన్‌ని ఒళ్లో పెట్టుకున్న ఒక పెద్దాయన పక్కన కూర్చున్నాడు. ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో తెలియదు. తలుపు తెరిచి ఉంది, లోపల నేనో జర్మన్ షెపర్డ్‌తో కుస్తీ పడుతున్నా. రెండు గంటలు చూశాడు నాయిన. చివరికి గుమ్మం దాకా వచ్చి, ‘‘గట్ల మెడ ఒత్తకు, గాబరైతది. రొమ్ముకు ఆనిచ్చుకో. మేకను పట్టినట్టు’’ అన్నాడు.

ఆనించుకున్నా. ఆగింది.

సాయంత్రం బస్సుకి ఒక్కడే వెళ్లిపోయాడు. ఉండమనీ అనలేదు, రమ్మనీ అనలేదు.

సరే, దారులేంటి?

డాక్టర్ కావాలంటే దారి ఒకటే. ఇంటర్‌లో బైపీసీ, నీట్ ర్యాంకు, బీవీఎస్సీ అండ్ ఏహెచ్. ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్లు. తెలంగాణలో పీవీ నరసింహారావు వెటర్నరీ యూనివర్సిటీ కింద రాజేంద్రనగర్, కోరుట్ల, మామునూరుల్లో కాలేజీలున్నాయి. ఏపీలో శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కింద తిరుపతి, గన్నవరం, ప్రొద్దుటూరు, గరివిడి. నేను సీఈసీ వాణ్ణి కాబట్టి ఈ తలుపు నాకు ఎప్పుడో మూసుకుపోయింది. మీరింకా టెన్త్‌లో ఉంటే మాత్రం ఈ పేరా స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. ఎంబీబీఎస్ రాకపోతే ‘పశువుల డాక్టర్’ అని చిన్నచూపుగా చెప్పే చుట్టాలుంటారు. పట్టించుకోకండి. మనుషుల డాక్టర్‌కి పేషెంట్ నొప్పెక్కడో చెబుతాడు. వీళ్లకి ఎవరూ చెప్పరు.

టెన్త్ తర్వాత రెండేళ్ల పశుసంవర్ధక పాలిటెక్నిక్ డిప్లొమా కూడా ఉంది. పల్లెల్లో పనికి అదే బలం. కుక్కల కంటే బర్రెలు, గొర్రెలే ఎక్కువ కనబడతాయి. డెయిరీలు, కోళ్ల ఫారాలు కూడా వీళ్లని తీసుకుంటాయి. ప్రభుత్వ నోటిఫికేషన్ పడినప్పుడు ఈ సర్టిఫికెట్ విలువ తెలుస్తుంది.

నాలాంటి అసిస్టెంట్లకి ఒక గీత ఉంది, దాన్ని దాటకూడదు. 1984 వెటర్నరీ కౌన్సిల్ చట్టం ప్రకారం వైద్యం చేయాల్సింది రిజిస్టరైన డాక్టరే. రెండేళ్లు సూదులు చూశాక ‘ఇదేముంది, నేనే వేసేస్తా’ అనిపిస్తుంది. అపార్ట్‌మెంట్లలో ‘నువ్వే వచ్చి వేసెయ్ తమ్ముడూ, డాక్టర్ ఫీజు ఎందుకు’ అని అడుగుతారు కూడా. నన్నూ అడిగారు. వేయలేదు. టీకా వేసిన పది నిమిషాల్లో మొహం ఉబ్బిపోయి ఊపిరాడని పగ్‌ని ఒకసారి చూశాను. సార్ పక్కన ఉన్నారు కాబట్టి బతికింది.

పోలీస్ డాగ్‌స్క్వాడ్ గురించి చాలామంది అడుగుతారు. అక్కడికి నేరుగా వెళ్లలేం. ముందు పోలీస్ ఉద్యోగం కొట్టాలి, తర్వాత హ్యాండ్లర్‌గా ఎంపికవ్వాలి. తెలంగాణ పోలీసు జాగిలాలకి మొయినాబాద్‌లో ట్రైనింగ్. కుక్క, హ్యాండ్లర్ నెలల తరబడి కలిసే నేర్చుకుంటారు. ఆర్మీలోనైతే రీమౌంట్ వెటర్నరీ కోర్ ఉంది, మీరట్‌లో వాళ్ల సెంటర్.

ఇక ఇళ్లలో కుక్కలకి ట్రైనింగ్ ఇచ్చే పని. దీనికి మన దేశంలో లైసెన్సంటూ లేదు. ఎవడైనా బోర్డు పెట్టేయొచ్చు, పెట్టేస్తున్నారు కూడా. ముళ్ల కాలర్, షాక్ కాలర్ చేతిలో పట్టుకుని ‘పదిహేను రోజుల్లో మార్చేస్తా’ అనే గురువు దగ్గర మాత్రం చేరకండి. అతని దగ్గర మీరు నేర్చుకునేది కుక్కని భయపెట్టడం ఒక్కటే. చిన్న ముక్క చికెన్, సరైన క్షణంలో ‘గుడ్’ అనే మాట, రోజుకు పది నిమిషాలు. నిజమైన ట్రైనింగ్ చూడ్డానికి బోర్ కొడుతుంది.

వీధికుక్కలకి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసే ఏబీసీ టీములు ఇంకో లోకం. పట్టడం, ఆపరేషన్, రేబిస్ టీకా, చెవికి చిన్న కత్తిరింపు గుర్తు, తెచ్చిన చోటే వదలడం. 2023 నాటి రూల్స్ చెప్పేది ఇదే. 2025 ఆగస్టులో ఢిల్లీ వీధికుక్కల మీద సుప్రీంకోర్టు ముందు అన్నిటినీ షెల్టర్లకి తరలించమంది. తర్వాత దాన్ని సవరించి, రేబిస్ ఉన్నవి, మీదపడి కరిచేవి తప్ప మిగతావాటిని టీకా వేసి అదే ఏరియాలో వదలమంది. ఆ రెండు వారాలు నా ఫోన్‌లో కుక్కలంటే పడిచచ్చేవాళ్లూ, పడనివాళ్లూ తెగ కొట్టుకున్నారు. వల పట్టుకుని వీధిలో నిలబడే కుర్రాడి గురించి మాత్రం ఏ వైపు వాళ్లూ ఒక్క ముక్క రాయలేదు. ఒక వీధిలో ‘ఎందుకు పట్టుకెళ్తున్నావ్’ అని, పక్క వీధిలో ‘మళ్లీ ఎందుకు వదిలావ్’ అని తిట్లు తినేది అతనే.

జూలో యానిమల్ కీపర్, బోర్డింగ్ హోమ్, డాగ్ వాకర్... ఇవన్నీ ఉన్నాయి. బ్రీడింగ్ చేద్దామనుకునేవాళ్లు మాత్రం 2017 రూల్స్ ప్రకారం రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో రిజిస్టర్ అవ్వాలని గుర్తుపెట్టుకోండి. నా దగ్గరికొచ్చే పార్వో పిల్లలు ఎక్కడ పుడుతున్నాయో చూశాక ఆ వ్యాపారం గురించి నేను మంచి చెప్పలేను.

నా గది, నా లెక్క

క్లినిక్‌లో మూడేళ్లు చేశాక మూడు నెలలు గ్రూమింగ్ నేర్చుకున్నా. ఫీజుకి అమ్మ రెండు మేకలు అమ్మింది. నాయినకి తెలిసే అమ్మింది.

రీల్స్‌లో చూపించేది బో కట్టిన షిట్జూని. చూపించనిది, బొచ్చు చాపలా అట్టకట్టి కింద చర్మం పుండైపోయిన షిట్జూని. మూడు గంటలు కూర్చుని కత్తిరిస్తే ‘ఇంత పొట్టిగా ఎందుకు చేశావ్’ అని అడుగుతారు. నల్లగోళ్లలో రక్తనాళం కనిపించదు. కొంచెం ఎక్కువ కత్తిరిస్తే రక్తం. మలద్వారం పక్క గ్రంథులు నిండితే ఆ వాసన సంగతి మీరు భోంచేశాక చెబుతా. పగ్, బుల్‌డాగ్ లాంటి చప్పిడి ముక్కు కుక్కల్ని వేడి డ్రయర్ ముందు వదిలేసి టీకి వెళ్తే ప్రాణమే పోవచ్చు. వేసవిలో హస్కీని తెచ్చి ‘గుండు కొట్టెయ్, చల్లగా ఉంటుంది’ అంటారు. ఆ రెండు పొరల బొచ్చు ఎండ నుంచి కూడా కాపాడుతుంది. కొట్టను. కోపమొచ్చి వేరే షాపుకి వెళ్తారు. వెళ్లనీ.

డబ్బు సంగతి దాచను. దీపావళికి ఊరెళ్లేవాళ్లు, పెళ్లిళ్లకి వెళ్లేవాళ్లు ఉంటే ఖర్చులు పోను 40 వేలు దాటుతుంది. చప్పబడిన నెలలో 22 వేలు. గది అద్దె ఏ నెలా చప్పబడదు. నడుం నొప్పి నిరంతరం. బిర్యానీలో బొచ్చు మామూలే.

పోయిన దసరాకి ఊరెళ్లే ముందు నాయిన ఫోన్ చేశాడు. పండగ బట్టల గురించి అనుకున్నా. ‘‘మన వాడకట్టుల కుక్కలు పద్నాలుగున్నయి. లెక్కవెట్టిన. ఆ రేబిస్ సూది వీటికి ఏస్తరా?’’ అన్నాడు.

సార్‌ని బతిమాలితే ఆదివారం వచ్చారు. టీకాలు ఐస్ బాక్స్‌లో, నా కాళ్ల మధ్య. రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్యే ఉండాలి కదా! పన్నెండు దొరికాయి. రెండు చెరువు వైపు పారిపోయాయి. పట్టింది నేను కాదు, నాయినే. ఒక్కొక్కదాన్నీ రొమ్ముకు ఆనించుకుని, చెవిలో ఏదో గొణుగుతూ. పక్కింటాయన గోడ మీంచి చూసి, ‘‘ఏందే, కొడుకు సదువు ఇదేనా?’’ అని నవ్వాడు.

నాయిన తల తిప్పలేదు. ‘‘ఆగు, ఇది గాబరైతది’’ అన్నాడు.

ఆ రెండు కుక్కలూ ఇంకా దొరకలేదు. సంక్రాంతికి మళ్లీ వెళ్తున్నాం.